దెబ్బతిన్న పాత కారు: బాగు చేయించాలా, అమ్మేయాలా?

పదేళ్లు దాటిన కారు యాక్సిడెంట్‌లో నలిగి, సర్వీస్ సెంటర్ వాళ్లు లక్షా పదివేల ఎస్టిమేట్ చేతిలో పెట్టారనుకుందాం. బెంగళూరులో ఏ తెలుగువాళ్ల ఇంట్లోనైనా ముందు వినిపించే మాట ఇది: "బండి మొత్తం అమ్మినా రెండున్నర లక్షలు రావు, దానికి లక్ష పెట్టి రిపేరా?" వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఇందులో పోల్చకూడని రెండు అంకెలను పోలుస్తున్నారు. రెండున్నర లక్షలన్నది యాక్సిడెంట్‌కు ముందున్న కారు ధర. ఆ కారు ఇప్పుడు లేదు. ఇప్పుడు ఉన్నది ముందుభాగం చితికిన కారు. దాన్ని ఉన్నది ఉన్నట్టు అమ్మితే ఎంత వస్తుంది, బాగు చేయిస్తే ఎంత విలువ చేస్తుంది, ఆ బాగు చేయించడానికి మన జేబులోంచి ఎంత పోతుంది? తేల్చుకోవలసింది ఈ మూడు అంకెలు.

పోయినేడు వేయించిన కొత్త టైర్లు, మార్చిన క్లచ్, సీట్ కవర్లు ఈ లెక్కలోకి రావు. ఆ డబ్బు రిపేరు చేయించినా తిరిగిరాదు, అమ్మినా తిరిగిరాదు. టైర్లు కొత్తవైతే కొనేవాడు రెండు మూడు వేలు ఎక్కువ ఇవ్వవచ్చు, అంతే. "ఇంత పెట్టాం కదా" అన్న బాధతో మళ్లీ లక్ష పెట్టడం చాలా ఇళ్లలో జరుగుతోంది. ఆ బాధ నిజమైనదే, కానీ నిర్ణయానికి అది ఆధారం కాకూడదు.

అంకెల కన్నా ముందు చూడవలసింది ఇంకొకటి ఉంది. దాన్ని బట్టి కొన్నిసార్లు లెక్క వేయాల్సిన అవసరమే ఉండదు.

దెబ్బ ఎక్కడ తగిలింది?

ఇప్పటి చిన్న కార్లలో దాదాపు వేటికీ లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు. రేకులన్నీ వెల్డింగ్‌తో కలిసి పెట్టెలా తయారైన బాడీయే చాసిస్ పని కూడా చేస్తుంది. దానికి బోల్టులతో బిగించే భాగాలు కొన్ని: బంపర్, బానెట్, ముందు ఫెండర్లు, హెడ్‌ల్యాంపులు, తలుపులు, డిక్కీ తలుపు, రేడియేటర్, ఏసీ కండెన్సర్. ఇవి ఎంత చితికినా విప్పి కొత్తవి బిగిస్తే పని అయిపోతుంది. చూడటానికి కారు ఘోరంగా ఉంటుంది, ఇంట్లోవాళ్లు భయపడిపోతారు, కానీ అసలు బండికి ఏమీ కాకపోవచ్చు.

వెల్డింగ్‌తో కలిసిపోయినవి వేరు. ఇంజన్‌కు అటూ ఇటూ ముందుకు సాగే లాంగ్ మెంబర్లు, ముందు చక్రాల పైన లోపలివైపు ఉండే ఏప్రాన్, తలుపుల మధ్య నిలబడే పిల్లర్లు, కింది ఫ్లోర్, పైకప్పు ఈ రకం. లాంగ్ మెంబర్లను ఢీకొన్నప్పుడు నలిగేలాగే తయారు చేస్తారు. అవి ముడతలు పడుతూ దెబ్బ తీవ్రతను మింగేస్తే లోపల కూర్చున్నవాళ్ల దాకా తక్కువ చేరుతుంది. ఒకసారి ముడతపడ్డదాన్ని గొలుసు కట్టి లాగి, గ్యాస్ మంటతో కాల్చి, సుత్తితో కొట్టి సరిచేస్తే ఆకారం వస్తుంది, బలం రాదు. గట్టి రకం స్టీలు వాడిన చోట మంట తగిలితే లోహం మెత్తబడుతుంది కూడా. రేపు మళ్లీ ఢీకొంటే అది ఎక్కడ ఎలా మడతపడుతుందో ఎవరూ చెప్పలేరు.

దీనికి సరైన పద్ధతి లేకపోలేదు. బాడీని కొలతలు తీసే బెంచ్ మీద బిగించి, కంపెనీ ఇచ్చిన కొలతలతో సరిచూసుకుంటూ లాగాలి. లేదా దెబ్బతిన్న భాగాన్ని కంపెనీ చెప్పిన చోట కోసి కొత్తది వెల్డ్ చేయాలి. పెద్ద బాడీ షాపుల్లో ఈ సదుపాయం ఉంటుంది, వీధి చివరి టింకరింగ్ షెడ్డులో ఉండదు. పాత కారుకు ఈ ఖర్చు సాధారణంగా గిట్టదు కాబట్టి చాలామంది సుత్తి, గొలుసు దారే పడతారు. లాంగ్ మెంబర్ లేదా పిల్లర్ వంగిన పదేళ్ల కారును అలా అతికించి, పిల్లల్ని ఎక్కించుకుని తిరగడం మంచి నిర్ణయం కాదు. డబ్బు లెక్క ఎంత అనుకూలంగా కనబడినా సరే, అలాంటి కారును వదిలేయడమే మేలు.

మెకానిక్ కాకపోయినా కొన్ని గుర్తులు ఎవరికైనా కనిపిస్తాయి. బానెట్‌కూ ఫెండర్‌కూ మధ్య సందు ఒకవైపు సన్నగా, రెండోవైపు వెడల్పుగా ఉండటం ఒకటి. దెబ్బ ముందు తగిలితే ముందు తలుపు కిందికి దిగినట్టుగా ఉండి గట్టిగా తోస్తే గాని పడకపోవడం ఇంకొకటి. ఈ రెండోది కనిపిస్తే దెబ్బ పిల్లర్ దాకా వెళ్లిందని అనుమానించాలి. వెనక దెబ్బ అయితే స్టెప్నీ టైరు తీసి కింది రేకు చూడాలి, అక్కడ ముడతలుంటే ఫ్లోర్ దాకా వెళ్లినట్టే. కారు నడిచే స్థితిలో ఉంటే వీల్ అలైన్‌మెంట్ చేయించి కంప్యూటర్ రిపోర్టు ప్రింటు తీసుకోవాలి. కొన్ని వందలతో అయ్యే ఈ పని చాలా విషయాలు చెబుతుంది. చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్, టై రాడ్ లాంటివి మార్చాక కూడా ఒక చక్రం క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం) పరిమితిలోకి రాకపోతే వంకర చక్రంలో లేదు, బాడీలోనే ఉంది.

రేడియేటర్ పగిలి నీళ్లు కారుతుంటే మాత్రం కారును నడిపి తీసుకెళ్లకూడదు. ఇంజన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ పోతుంది. యాక్సిడెంట్ అయ్యాక నడపడం వల్ల పెరిగిన నష్టాన్ని ఇన్సూరెన్స్ పాలసీ నిబంధన ప్రకారం యజమానే భరించాలి. పెనుకొండ దగ్గర దెబ్బ తగిలితే "ఎలాగో బెంగళూరు చేరిపోదాం" అనుకుని ఎన్‌హెచ్ 44 మీద నడుపుకుంటూ రావడం కన్నా టోయింగ్‌కు డబ్బు పెట్టడమే చవక.

ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయా అన్నది మరో ప్రశ్న. తెరుచుకుంటే బ్యాగులు ఒక్కటే మారిస్తే సరిపోదు. కంట్రోల్ మాడ్యూల్, బిగుసుకుపోయిన సీటు బెల్టులు, చీలిన డ్యాష్‌బోర్డు కూడా మార్చాలి. పాత చిన్న కారుకు ఈ ఒక్క పద్దే రిపేరును గిట్టుబాటు కాకుండా చేస్తుంది. అందుకే కొన్ని షెడ్లలో బ్యాగులు లేకుండానే డ్యాష్‌బోర్డు అతికించి, మీటరులో హెచ్చరిక లైటు వెలగకుండా చేసి ఇచ్చేస్తారు. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. అసలు వెలగనే వెలగకపోతే ఎవరో వైర్లతో ఆడుకున్నారని అర్థం.

ఎస్టిమేట్ అనేది మొదటి మాట మాత్రమే

బండి విప్పకముందు రాసిన ఎస్టిమేట్ విప్పాక పెరుగుతుంది. బంపర్ వెనక ఏముందో, రేడియేటర్ వెనక ఏముందో బయటినుంచి కనబడదు. కాబట్టి నిర్ణయం తీసుకునే ముందు ముందుభాగాన్ని విప్పించి, పూర్తి జాబితా రాయించుకోవడం మంచిది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసేట్టయితే సర్వేయర్ (నష్టాన్ని అంచనా వేయడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే మనిషి) చూసి ఒప్పుకున్నాకే విప్పాలి. విప్పడానికి కూలీ అడుగుతారు. తర్వాత రిపేరు అక్కడే చేయిస్తే దాన్ని బిల్లులో కలుపుతారా అన్నది ముందే మాట్లాడుకోవాలి.

కంపెనీ సర్వీస్ సెంటర్‌తో పాటు బయటి షెడ్డు ఎస్టిమేట్ ఒకటి తప్పకుండా ఉండాలి. బెంగళూరులో కొత్త స్పేర్ పార్టులకు జేసీ రోడ్డు, పాత కార్ల నుంచి విప్పిన పార్టులకు శివాజీనగర్ దశాబ్దాలుగా అందరూ వెళ్లే చోట్లు. చెన్నైవాళ్లకు పుదుపేట ఎలాగో ఇక్కడివాళ్లకు శివాజీనగర్ అలాగ. బానెట్, తలుపు, డిక్కీ తలుపు, హెడ్‌ల్యాంపు లాంటివి వాడినవి తెచ్చి బిగిస్తే తప్పేం లేదు, ఖర్చు బాగా తగ్గుతుంది. స్టీరింగ్ ర్యాక్, బ్రేకు భాగాలు, సీటు బెల్టులు, ఎయిర్‌బ్యాగులు మాత్రం వాడినవి తీసుకోకూడదు. వాటికి ఇదివరకు ఏం జరిగిందో వాటిని చూసి చెప్పలేం.

కారు ఏ కంపెనీదన్నది ఇక్కడ పెద్ద తేడా తెస్తుంది. షెవర్లే 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబర్‌లో ప్రకటించింది. ఇలాంటి కార్లకు ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు దొరకడం ఒక ఎత్తు, ఫలానా మోడల్ ఫెండర్, హెడ్‌ల్యాంప్ దొరకడం ఇంకో ఎత్తు. పార్టు చేతికి వచ్చే తేదీ షెడ్డువాళ్లు రాసి ఇవ్వలేకపోతే ఆ కారు నెలల తరబడి అక్కడే ఉండిపోవచ్చు. రోడ్ల మీద ఎక్కువగా కనిపించే మారుతి, హ్యుందాయ్ మోడళ్లకు ఈ ఇబ్బంది తక్కువ.

ఇన్సూరెన్స్ నిజంగా ఎంత ఇస్తుంది?

పాత కార్లకు చాలామంది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే కట్టి ఊరుకుంటారు. దాంతో మన కారు రిపేరుకు పైసా రాదు. తప్పు ఎదుటి వాహనానిదైతే దాని ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఆస్తి నష్టం కింద 7.5 లక్షల వరకు అడగవచ్చు. కానీ ఎఫ్‌ఐఆర్ ఉండాలి, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి, సమయం పడుతుంది. రేపు ఆఫీసుకు వెళ్లడానికి కారు కావాలనుకునేవాళ్లకు ఇది వెంటనే పనికొచ్చే డబ్బు కాదు.

కాంప్రెహెన్సివ్ పాలసీ ఉన్నవాళ్లు కూడా బిల్లంతా వస్తుందనుకుంటే నిరాశ తప్పదు. జీరో డిప్రిసియేషన్ సదుపాయం సాధారణంగా పాత కార్లకు ఇవ్వరు. అది లేకపోతే మార్చిన ప్రతి పార్టు మీదా తరుగు కోస్తారు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, బ్యాటరీకి, ఎయిర్‌బ్యాగులకు 50 శాతం. అద్దాలకు ఏమీ కోయరు. ఇనుప భాగాలకు కారు వయసును బట్టి పెరుగుతూ 5 నుంచి 10 ఏళ్ల మధ్య 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతును సరుకు ఖర్చుగా లెక్కగట్టి, అందులో సగం కోస్తారు. లేబర్‌కు కోత లేదు. ఇవి కాక 1500 సీసీ లోపు కారుకు 1,000 రూపాయలు, ఆపైన 2,000 తప్పనిసరిగా యజమాని భరించాలి.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. పదకొండేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఎస్టిమేట్ 1,10,000. అందులో బంపర్, హెడ్‌ల్యాంపుల్లాంటి ప్లాస్టిక్ భాగాలు 30,000, బానెట్, ఫెండర్, రేడియేటర్ లాంటి లోహ భాగాలు 36,000, అద్దం 4,000, లేబర్ 22,000, పెయింటింగ్ 18,000. యజమాని వాటా ప్లాస్టిక్ మీద 15,000, లోహం మీద 18,000, పెయింట్ మీద 2,250, తప్పనిసరి వాటా 1,000. మొత్తం 36,250. మిగతా 73,750 ఇన్సూరెన్స్ కంపెనీ ఇస్తుంది.

బిల్లులో కనిపించని ఖర్చు ఇంకొకటి ఉంది, నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు ఇది. 50 శాతం బోనస్ ఉన్నవాళ్లు క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడు అది సున్నా అవుతుంది. తర్వాత 20, 25, 35, 45 మెట్లెక్కి మళ్లీ 50కి చేరాలి. ఆ ఏళ్లలో పోయే శాతాలన్నీ కలిపితే 50, 30, 25, 15, 5, అంటే 125. బోనస్ తీయకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మన కారు నష్టానికి కట్టే భాగం) ఏడాదికి 5,000 అనుకుంటే దాదాపు 6,250 రూపాయలు పోతాయి. కారు పాతబడేకొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి నిజంగా పోయేది ఇంకాస్త తక్కువే. ఎక్కువ అంకెనే తీసుకున్నా అసలు ఖర్చు 42,500 అవుతుంది.

ఇదే లెక్క చిన్న దెబ్బకు వేస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. బంపర్ 8,000, పెయింటింగ్ 5,000, లేబర్ 2,000, మొత్తం 15,000 బిల్లు అయితే కంపెనీ ఇచ్చేది 9,375. అందులోంచి బోనస్ నష్టం తీసేస్తే మిగిలేది మూడువేల చిల్లర. బయటి షెడ్డులో ఆ పని పన్నెండు వేలకు చేస్తే క్లెయిమ్ చేసినా చేయకపోయినా ఒకటే. చిన్న సొట్టలకు క్లెయిమ్ చేసి బోనస్ పోగొట్టుకోవడం పాత కారు ఉన్నవాళ్లు మానుకోవలసిన అలవాటు.

ఇప్పుడు మొదటి మూడు అంకెలకు వద్దాం. ఆ హ్యాచ్‌బ్యాక్‌ను ఉన్నది ఉన్నట్టు అమ్మితే 90,000 వస్తుందనీ, బాగు చేశాక 2,20,000 చేస్తుందనీ అనుకుందాం. ఇన్సూరెన్స్‌తో బాగు చేయిస్తే 2,20,000లోంచి 42,500 పోను 1,77,500. దీని ముందు 90,000 ఎక్కడ? రిపేరే మేలు. థర్డ్ పార్టీ మాత్రమే ఉండి సర్వీస్ సెంటర్‌లో చేయిస్తే మిగిలేది 1,10,000. తేడా ఇరవై వేలు. నెలరోజుల క్యాబ్ ఖర్చు, విప్పాక పెరిగే బిల్లు కలిస్తే ఆ తేడా మాయమవుతుంది. అదే పని బయటి షెడ్డులో వాడిన తలుపు, బానెట్‌తో 70,000కు అయితే మళ్లీ రిపేరు వైపే మొగ్గు. ఒకే కారు, ఒకే దెబ్బ, కానీ పాలసీ ఏది, షెడ్డు ఏది అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతోంది. అందుకే "పదేళ్లు దాటితే అమ్మేయ్" లాంటి గుండుగుత్త సలహాలు ఎవరు చెప్పినా పట్టించుకోకూడదు.

టోటల్ లాస్ అని తేలితే

రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసుకున్న కారు విలువలో) 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ కంపెనీ దాన్ని టోటల్ లాస్‌గా లెక్కగడుతుంది. ఐడీవీ 2.4 లక్షలైతే ఆ గీత 1.8 లక్షల దగ్గర ఉంటుంది. అయిదేళ్లు దాటిన కార్లకు ఐడీవీని పట్టిక ప్రకారం కాక కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. రెన్యువల్ రోజున ఆన్‌లైన్‌లో ప్రీమియం కొన్ని వందలు తగ్గుతుందని ఐడీవీని కిందికి జరిపేస్తుంటారు చాలామంది. యాక్సిడెంట్ రోజున చేతికొచ్చే సొమ్ముకు పరిమితి ఆ అంకే. మార్కెట్లో 2.6 లక్షలు పలికే కారుకు 1.6 లక్షల ఐడీవీ పెట్టుకున్నవాళ్లు 1.2 లక్షల రిపేరుకే టోటల్ లాస్ గీత మీదికి వచ్చేస్తారు, వచ్చే డబ్బుతో అలాంటి కారు మళ్లీ కొనలేరు.

టోటల్ లాస్ అయితే కంపెనీ తానే కారును తీసుకుని ఐడీవీ ఇవ్వవచ్చు, లేదా నలిగిన కారుకు వచ్చే ధర తీసేసి మిగతాది ఇచ్చి కారును యజమానికే వదిలేయవచ్చు. టోటల్ లాస్ దాకా వెళ్లకుండానే, రిపేరు చేయించకుండా ఒప్పుకున్న మొత్తాన్ని నగదుగా తీసుకునే పద్ధతి కూడా ఉంది. దీన్ని క్యాష్ లాస్ అంటారు. అమ్మేయాలని దాదాపు నిశ్చయించుకున్నవాళ్లు రిపేరు మొదలుపెట్టకముందే సర్వేయర్‌ను దీని గురించి అడగాలి. అడగనివాళ్లకు ఎవరూ పనిగట్టుకుని చెప్పరు. కారు మీద లోను ఉంటే టోటల్ లాస్ డబ్బు ముందు బ్యాంకుకే వెళుతుంది.

సర్వేయర్ లెక్క అన్యాయంగా ఉందనిపిస్తే రిపోర్టు కాపీ అడిగి తీసుకోవచ్చు. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చినది న్యాయంగా లేకపోయినా ఇన్సూరెన్స్ ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. కర్ణాటకకు ఆ కార్యాలయం బెంగళూరు జేపీ నగర్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

అమ్మడానికే రిపేరు చేయించడం

"బాగు చేయించి మంచి రేటుకు అమ్మేద్దాం" అన్న ఆలోచన తరచూ నష్టం తెస్తుంది. పైన వేసిన లెక్కలో బాగు చేసిన కారు ధర 2,20,000 అనుకున్నాం, అది కూడా యాక్సిడెంట్ సంగతి దాచకుండా చెప్పి అమ్మితే వచ్చే ధర. పెయింట్ మందం కొలిచే పరికరం ఇప్పుడు చిన్న బ్రోకర్ల దగ్గర కూడా ఉంటోంది. ఎక్కడెక్కడ లప్పం పెట్టి రంగు వేశారో అది చూపిస్తుంది. కొత్త రంగు కనబడగానే కొనేవాడికి దాని కింద ఏం దాచారోనన్న అనుమానం వస్తుంది, ధర అక్కడినుంచి కిందికే. నలిగిన కారును నలిగినట్టే చూపిస్తే అతనికి లోపల ఎంత దెబ్బ ఉందో కళ్లముందే కనబడుతుంది, తన లెక్క తాను వేసుకుంటాడు. నిజాయితీగా అమ్మాలనుకునేవాళ్లకు ఇదే తేలిక. కారు నడిచేలా చేయడానికి కావలసిన రేడియేటర్, హెడ్‌ల్యాంప్ వరకు ఖర్చు పెట్టి ఆగితే చాలు.

రిపేరు చేయించేది తామే మరో నాలుగైదేళ్లు నడపడానికైతే అది వేరే సంగతి. ఆ కారు ఎలా నడిచిందో, ఏ సర్వీసు ఎప్పుడు చేయించారో, ఏ శబ్దం ఎందుకొస్తుందో ఇంట్లోవాళ్లకు తెలుసు. దాన్ని అమ్మి, అంతే డబ్బు పెట్టి ఇంకో పదేళ్ల కారు కొంటే ఆ కారు చరిత్ర ఏమీ తెలియదు. దానికి కూడా ఎక్కడో యాక్సిడెంట్ అయి ఉండవచ్చు. పేరు మార్పు, ఇన్సూరెన్స్, మొదటి సర్వీసు, టైర్లు కలిపితే ఖర్చు తేలిగ్గా ముప్పై నలభై వేలు దాటుతుంది. తెలిసిన కారుకు ఉన్న ఈ విలువను మార్కెట్ లెక్కలోకి తీసుకోదు, యజమాని మాత్రం తీసుకోవాలి. బోల్టు భాగాలకే దెబ్బ తగిలి, ఇంజన్ బాగుంటే, రిపేరు ఖర్చు కారు ధరలో సగం దాకా వెళ్లినా నడుపుకునేవాళ్లకు అది తప్పు నిర్ణయం కాదు.

దీనికి ఎదురు నిలిచే వాదన ఒకటుంది, బలమైనదే. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019 జులైలో, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) కూడా అదే ఏడాది. అంతకుముందు కొన్న చవక మోడళ్లలో చాలావాటికి ఈ రెండూ లేవు. ప్రతి నెలా పిల్లలతో బెంగళూరు నుంచి కర్నూలుకో, హైదరాబాదుకో హైవే మీద వెళ్లే కుటుంబానికి ఈ యాక్సిడెంటే కారు మార్చడానికి సరైన సమయం కావచ్చు. రోజూ మారతహళ్లి నుంచి బెళ్లందూరుకు ట్రాఫిక్‌లో పాకే కారు అయితే ఈ వాదనకు అంత బరువు లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కొత్త కార్ల ధరలు దిగాయి. కాబట్టి పాత కారు ధర గురించి అంతకుముందటి అంచనాలు ఇప్పుడు పనికిరావు.

వయసు విషయంలో ఒక భయం అనవసరం. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ కార్ల మీద ఆంక్షలు ఢిల్లీ ప్రాంతానికి సంబంధించినవి, బెంగళూరులో అలాంటి నిషేధం లేదు. అయితే ఆర్‌సీ గడువు పదిహేనేళ్లే. ఆ తర్వాత రెన్యువల్‌కు ఫీజు 5,000, ఇరవై ఏళ్లు దాటితే 10,000, పైగా బండిని తనిఖీకి చూపించాలి. పద్నాలుగో ఏట యాక్సిడెంట్ అయితే ఈ ఖర్చును కూడా లెక్కలో వేసుకోవాలి.

ఏపీ, తెలంగాణ నంబరు ఉంటే

ఊళ్లో నాన్న కొని ఇచ్చిన కారునో, హైదరాబాదులో ఉద్యోగం చేసేటప్పుడు కొన్నదాన్నో బెంగళూరులో నడుపుకునేవాళ్లు చాలామంది. పన్నెండు నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంచితే అక్కడ రిజిస్ట్రేషన్ మార్చుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. కర్ణాటక లైఫ్ ట్యాక్సు దేశంలో ఎక్కువగా ఉండేవాటిలో ఒకటి. అందుకే ఏపీ నంబరున్న కారును ఇక్కడివాళ్లకు అమ్మబోతే ఎన్‌ఓసీ (పాత ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం), ట్యాక్సు, తిరుగుళ్లు అన్నీ లెక్కగట్టి ధర తగ్గించి అడుగుతారు. దెబ్బతిన్న కారైతే ఇంకా చులకన. హిందూపురం, అనంతపురం, చిత్తూరు, తిరుపతిలో కొనేవాళ్లకు ఆ బెడద లేదు, పేరు మార్పు రాష్ట్రంలోనే అయిపోతుంది. టోయింగ్ ఖర్చు పోను కూడా అక్కడ ఎక్కువ మిగలవచ్చు. ఇక్కడ ఒక్క ధరకే ఒప్పుకునే ముందు ఊళ్లోని తెలిసిన మెకానిక్‌కు ఫొటోలు పంపి అడగాలి. బాగు చేయించి ఉంచుకుందామన్నా, రిజిస్ట్రేషన్ మార్పు బాకీ ఉంటే ఆ ట్యాక్సు కూడా కారు ఉంచుకునే ఖర్చులో భాగమే.

అమ్మేటప్పుడు కాగితాలు

దెబ్బతిన్న కారు కొనేవాళ్లలో షెడ్డు నడిపేవాళ్లు, పార్టులు విప్పి అమ్మేవాళ్లు, మధ్యవర్తులు ఉంటారు. శిథిలమైన కారుకు కూడా అనుకున్నదానికన్నా ఎక్కువ ఇస్తామంటూ, రికార్డులు అన్నీ కావాలని పట్టుబట్టేవాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. దొంగిలించిన కారుకు నలిగిపోయిన కారు నంబర్లు, ఆర్‌సీ తగిలించి అమ్మే ముఠాలు పోలీసులకు ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. ఆర్‌సీలో ఉన్న పేరు దగ్గరికే పోలీసులు ముందు వస్తారు.

ఇక పనికిరాదనుకున్న కారును గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే, కారు అప్పగించినట్టు సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు. కేంద్ర నిబంధనల ప్రకారం దాని మీద కొత్త సొంత కారు ట్యాక్సులో 25 శాతం వరకు రాయితీ ఇచ్చే వీలు రాష్ట్రాలకు ఉంది, కొత్త కారు రిజిస్ట్రేషన్ ఫీజు కూడా మాఫీ. తుక్కుగా వచ్చే డబ్బు బయటి గుజిరీ వ్యాపారి ఇచ్చేదానికన్నా తక్కువ అనిపించినా, ఆర్‌సీ రద్దు అయి బాధ్యత పూర్తిగా తీరిపోవడం ఇక్కడ దొరికే అసలు లాభం.

నడిచే కారునే అమ్ముతుంటే, పేరు మార్పుకు వాడే ఫారం 29, 30 ఖాళీగా ఉండగానే సంతకాలు పెట్టి బ్రోకర్ చేతిలో పెట్టే పద్ధతి ఇప్పటికీ మామూలుగా సాగుతోంది. అలా చేయకూడదు. రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ పరిహారానికి వాళ్లే బాధ్యులని 2018లో సుప్రీం కోర్టు స్పష్టంగా చెప్పింది, కారు చేతులు ఎన్ని మారినా సరే. బెంగళూరు కెమెరాలు వేసే జరిమానాలు కూడా ఆ పేరుకే వస్తాయి. 2023 ఏప్రిల్ నుంచి ఆర్టీవో దగ్గర అనుమతి పొందిన డీలర్‌కు అమ్మితే, అప్పగించినట్టు పోర్టల్‌లో నమోదయ్యాక బాధ్యత డీలర్‌దే అవుతుంది. వ్యక్తికి అమ్మితే కొన్నవాళ్ల పేరు, చిరునామా, తేదీ, సమయం నింపిన ఫారాల మీదే సంతకం చేయాలి, వాళ్ల ఆధార్ కాపీ తీసుకోవాలి, యాక్సిడెంట్ ఎప్పుడైంది, ఏ భాగాలు దెబ్బతిన్నాయి అన్నది అమ్మకం పత్రంలో రాయాలి. నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, యజమానిది. క్లెయిమ్ చేయకుండా అమ్మినవాళ్లు కంపెనీ నుంచి బోనస్ లెటర్ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే మరో కారుకు వాడుకోవచ్చు. రవాణా శాఖ పరివాహన్ సైట్‌లో కారు నంబరు కొడితే కొత్త యజమాని వివరం కనబడేదాకా ఆఖరి ఐదో పదో వేలు బాకీ ఉంచుకోవడం మంచిది.